బాబాయ్ డీజిల్ కారు, విభూతిలోంచి పిడకలు

పోయిన ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా బాబాయ్ ఫోన్. ఎలా ఉన్నావు ఏంటి అని కూడా లేదు, డైరెక్ట్‌గా పాయింటుకొచ్చేశాడు. "ఒరేయ్ చిన్నోడా, గాల్లోంచి పెట్రోలు తీస్తన్నారంట గదా, వీడియో పంపించా చూశావా? మరి నా డీజిల్ బండి అమ్మేయాలా, ఉంచుకోవాలా? మీ పిన్నేమో అమ్మేసి కరెంటు బండి కొనమంటంది." వీడియో చూశాను. ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు ఒకటి, వెనకాల గాలిమర, కింద తెలుగులో 'ఇక పెట్రోల్ కష్టాలకు గుడ్‌బై' అని రాసి ఉంది, దానికి తోడు భయంకరమైన మ్యూజిక్.

నిజమేనా అంటే నిజమే, అదే చిక్కు. పూర్తి అబద్ధమైతే నోరు మూసుకోమని చెప్పేయొచ్చు. 1996లో తమిళనాడులో ఒకాయన మూలికలేసి నీళ్ళని పెట్రోలు చేస్తానని దేశాన్ని ఊపేశాడు గుర్తుందిగా, ఆ కథ శాస్త్రవేత్తల ముందు నిలబడలేదు. ఇది అలాంటిది కాదు. గాల్లో ఉన్న కార్బన్ డయాక్సైడ్, నీళ్ళలో ఉన్న హైడ్రోజన్, ఈ రెండూ కలిపి పెట్రోలు చేయొచ్చు, చేస్తున్నారు కూడా. చిలీ దేశం దక్షిణం కొసన పుంటా అరేనాస్ దగ్గర హారు ఓని అని ఒక ప్లాంటు 2022 డిసెంబర్లో మొదలైంది, పోర్షే కంపెనీ డబ్బులు పెట్టింది, అక్కడ ఆపకుండా వీచే గాలికి ఒక్క గాలిమర పెట్టి దాని కరెంటుతో నడిపిస్తారు. మొదటి దశలో ఏడాదికి 1,30,000 లీటర్లు టార్గెట్. వినడానికి పెద్ద నంబరే గానీ మన హైవే మీద బాగా నడిచే బంకు నెల తిరిగేసరికి ఖాళీ చేసే సరుకు అది. పైగా మొదట్లో ఆ కార్బన్ డయాక్సైడ్ కూడా గాల్లోంచి పట్టింది కాదు, వేరే చోట పులియబెట్టే దగ్గర వచ్చినదాన్ని టాంకర్లలో తెచ్చుకున్నారు. ఇది వీడియోలో చెప్పరు.

అసలు మా ఇంట్లో ఈ టెక్నాలజీ గురించి మొదట చెప్పింది వాట్సాప్ కాదు, మా తాతయ్య. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో పెట్రోలుకి రేషన్ పెట్టినప్పుడు మన వైపు బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ము, అందులో కర్రబొగ్గు, దానికి చేత్తో తిప్పే ఫ్యాను. బయల్దేరే ముందు క్లీనరు కుర్రాడు ఆ ఫ్యాను తిప్పీ తిప్పీ గ్యాసు తయారయ్యాక గానీ ఇంజను అందుకునేది కాదు. ఎత్తు వంతెన వస్తే మగవాళ్ళంతా దిగి తొయ్యాలి. తాతయ్య చెప్పేటప్పుడు ఫ్యాను తిప్పడం యాక్షన్ చేసి చూపించేవాడు, "చేతులు కందిపోయేవిరా వాడికి" అని. అప్పట్లో నాకది పాతకాలం కామెడీలా అనిపించేది.

తర్వాతెప్పుడో తెలిసింది, ఆ డ్రమ్ములో తయారయ్యే గ్యాసులో కాలే సరుకు ప్రధానంగా కార్బన్ మోనాక్సైడూ హైడ్రోజనే అని. ఆ రెండూ కలిసిన గ్యాసునే ఫ్యాక్టరీలో సిన్‌గ్యాస్ అంటారు, సింథటిక్ పెట్రోలు కథ అంతా దాంతోనే మొదలవుతుంది. మా తాతయ్య ఎక్కిన బస్సు దాన్ని తిన్నగా ఇంజన్లో తగలబెట్టేసింది. దాన్ని తగలబెట్టకుండా ద్రవంగా ఎలా మార్చాలో 1925లో జర్మనీలో మ్యుల్హైమ్ అనే ఊళ్ళో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ అని ఇద్దరు కనిపెట్టారు. ఇనుమో కోబాల్టో ఉన్న వేడి గదిలోకి ఆ గ్యాసు పంపిస్తే ఆ లోహం మీద కార్బన్లు ఒకదాని పక్కన ఒకటి గుచ్చుకుంటూ పోతాయి, అచ్చం మల్లెపూల దండ కట్టినట్టు. దారం పొట్టిగా తెగితే వంటగ్యాసు లాంటిది, ఇంకాస్త పొడుగైతే పెట్రోలు, ఇంకా పొడుగైతే కిరోసిను, డీజిలు, మరీ పొడుగైతే కొవ్వొత్తి మైనం. ఎక్కడ తెగాలో పూర్తిగా మన చేతిలో ఉండదు, అందుకే అన్నీ కలిసి వస్తాయి, మైనాన్ని మళ్ళీ విరగ్గొట్టుకోవాలి. వచ్చిన సరుకు మాత్రం నిఖార్సుగా ఉంటుంది, గంధకం దాదాపు ఉండదు.

అంటే ఇందులో కొత్తేమీ లేదు, వందేళ్ళ నాటి విద్య. మరి వందేళ్ళుగా ఎందుకు ప్రపంచాన్ని ఏలలేదు అంటే ఎప్పుడూ గతిలేనప్పుడే దీని వైపు చూశారు గనక. నూనె బావుల్లేని జర్మనీ రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు నుంచే పెట్రోలు లాగింది, ఫిషర్ పద్ధతి కొంత, బెర్గియస్ అనే ఇంకొకాయన పద్ధతి ఎక్కువ. 1944 మొదట్లో 25 ప్లాంట్లు కలిసి రోజుకి 1,24,000 బ్యారెళ్ళు తీశాయి, వాళ్ళ యుద్ధ విమానాల పెట్రోలు దాదాపు అంతా దీన్నుంచే. ఆ పరిశ్రమలో నిర్బంధ శిబిరాల ఖైదీల చేత కూడా గొడ్డు చాకిరీ చేయించారు, ఆ సంగతి వదిలేసి 'జర్మన్ ఇంజనీరింగ్ అద్భుతం' అని పోస్టులు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 1944 మే 12న అమెరికన్ బాంబర్లు లోయ్‌నా ప్లాంటు మీద పడ్డాయి, అక్కడి నుంచి నాలుగు నెలల్లో విమాన పెట్రోలు అడుగంటింది, విమానాలు ఉన్నా ఎగరలేని పరిస్థితి.

తర్వాత దక్షిణాఫ్రికా. సొంత నూనె లేక వాళ్ళు తమ బొగ్గు మీద పడ్డారు, వర్ణవివక్ష ప్రభుత్వానికి నూనె అమ్మం అని దేశాలు ముఖం తిప్పుకున్నాక ఇంకా గట్టిగా పడ్డారు. ససోల్ కంపెనీ 1955 నుంచి బొగ్గుతో పెట్రోలు తీస్తోంది, 1973 చమురు సంక్షోభం తర్వాత సెకుండా అనే చోట ఒక రాక్షస ప్లాంటు మొదలుపెట్టింది, 1979లో ఇరాన్ కూడా నూనె ఆపేశాక పక్కనే ఇంకోటి కట్టింది. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ ఒక్క చోటు నుంచి ఏడాదికి సుమారు 5.6 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పోతుంది, నార్వే దేశం మొత్తం వదిలేదాని కంటే ఎక్కువ. ఒక్క పొగగొట్టాల గుంపు, ఒక దేశం. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. 'సింథటిక్' అనగానే క్లీన్ అనుకుంటున్నారు జనం. కాదు. తయారీ పద్ధతి ఒకటే, అందులో పడే కార్బన్ ఎక్కడిది, తిప్పే కరెంటు ఎక్కడిది అన్నదాన్ని బట్టి అదే డీజిలు పెట్రోలియం డీజిలు కంటే మంచిదీ కావచ్చు, రెట్టింపు దరిద్రమూ కావచ్చు.

సరే, గాలీ నీళ్ళ లెక్కకి వద్దాం, బాబాయ్‌కి ఫోన్లో చెప్పిన లెక్కే. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కాబట్టి లీటరు తయారు చేయాలన్నా అంతే కావాలి. గాల్లో అది ఎంతుంది? పది వేలకి నాలుగు పాళ్ళు. మన ఇళ్ళల్లో పది బై పన్నెండు గది ఉంటుంది కదా, అలాంటి గదులు 90 దాకా ఖాళీ చేసి అందులో ఒక్క అణువు కూడా వదలకుండా పట్టుకుంటే ఒక లీటరుకి సరిపడా దొరుకుతుంది. నీళ్ళు మాత్రం పెద్ద సమస్య కాదు, రసాయన లెక్క ప్రకారం మూడు లీటర్లు చాలు. 'నీళ్ళన్నీ పెట్రోలుకే పోతాయి' అని భయపెట్టే ఫార్వర్డులు కూడా తిరుగుతున్నాయి గనక చెప్తున్నా, మా ఇంట్లో ఒకసారి వాటర్ ప్యూరిఫయర్ ఆన్ చేస్తే కాలవలోకి పోయేది అంతకంటే ఎక్కువ.

అసలు దెబ్బ కరెంటు దగ్గర. కార్బన్ డయాక్సైడ్ అంటే ఏంటి, కాలిపోయిన కార్బన్, బూడిద లాంటిది. పిడక కాలితే విభూతి వచ్చింది, ఇప్పుడు ఆ విభూతిని మళ్ళీ పిడక చేయమంటున్నాం. ఆ పిడక కాలినప్పుడు ఎంత వేడి వచ్చిందో అంతా తిరిగి కట్టాలి, పైన వడ్డీ. ఆ వడ్డీ ఎక్కడ పోతుందో కూడా తెలుసు. కార్బన్ డయాక్సైడ్‌లో ఉన్న ఆక్సిజన్ని పీకేయాలి, పీకడానికి హైడ్రోజనే కావాలి, కష్టపడి కరెంటు పోసి నీళ్ళ నుంచి విడగొట్టిన హైడ్రోజన్లో మూడింట రెండు వంతులు ఆ పీకుడులోనే మళ్ళీ నీళ్ళైపోతుంది. మూడో వంతే పెట్రోల్లోకి చేరుతుంది. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైనే కరెంటు తాగుతుంది కాబట్టి అన్నీ కలిపి లీటరు పెట్రోలుకి తక్కువలో తక్కువ 20 యూనిట్లు.

నాకో కరెంటు స్కూటర్ ఉంది, మూడు యూనిట్ల పైచిలుకు తాగి తొంభై కిలోమీటర్లు తిరుగుతుంది. ఆ లెక్కన 20 యూనిట్లకి ఐదొందల కిలోమీటర్లు దాటుతుంది, హైదరాబాదు నుంచి తెనాలి వెళ్ళి ఇంకా చాలా దూరం వెనక్కి రావొచ్చు. అదే 20 యూనిట్లతో లీటరు పెట్రోలు తయారు చేసి మా పాత స్కూటర్లో పోస్తే నలభై ఐదు కిలోమీటర్లు, చౌటుప్పల్ దాకా వెళ్తామేమో. ఈ ముక్క చెప్పగానే బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే పది రెట్లు దండగన్నమాట" అన్నాడు. ఆయన రైసు మిల్లులో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేశాడు, తరుగు లెక్కలు ఆయనకి చెప్పక్కర్లేదు.

అవతలి వాళ్ళ వాదన ఊరికే కొట్టిపారేయను. వాళ్ళనేదేంటంటే, చిలీ కొసన వీచే గాలిని హైదరాబాదుకి వైరు వేసి తేలేం, పెట్రోలుగా మారిస్తే ఓడలో వస్తుంది, అక్కడ ఎలాగూ వాడేవాళ్ళు లేని కరెంటే కదా దండగైతే ఏంటి అని. పాయింటే. ఇంకోటి, మన దేశంలో ఉన్న కోట్ల బండ్లని రాత్రికి రాత్రి తీసి పారేయలేం, బంకులూ టాంకర్లూ మెకానిక్కులూ అన్నీ అలాగే ఉంటాయి, ఇంజను మార్చక్కర్లేదు. ఇదీ పాయింటే, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ పడిపోయిందని తిట్టుకుంటున్న వాళ్ళకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది, ఎందుకంటే సింథటిక్ పెట్రోలు నిజంగానే పెట్రోలే, రబ్బరు పైపులకి తేడా తెలీదు. కానీ ఆ కోట్ల బండ్లకి సరిపడా సరుకు ఎక్కడుంది? 2023 మార్చిలో జర్మనీ పట్టుబట్టి, 2035 తర్వాత కూడా ఇలాంటి ఇంధనంతో మాత్రమే నడిచే కార్లు అమ్ముకునే దారి ఉండాలని ఐరోపా యూనియన్ చేత ఒప్పించుకుంది. అది పర్యావరణం మీద ప్రేమ కంటే ఇంజన్ల ఫ్యాక్టరీల మీద ప్రేమ అని నా అనుమానం. 'ఇంకో పదేళ్ళు ఆగండి, పెట్రోలే గ్రీన్ అయిపోతుంది' అన్న మాట ఉంటే చాలు, జనం పాత అలవాటు మానరు.

ఇక మన సంగతి. మన దగ్గర ఈ విద్య గాలితో కాదు, బొగ్గుతోనే మొదలైంది. రామగుండం వాళ్ళకి తెలుసు, 1980లో అక్కడ మొదలైన ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుని గ్యాసు చేసి దాన్నుంచి యూరియా తీసేది. అంటే తాతయ్య బస్సు డ్రమ్మే, కాకపోతే ఊరంత సైజులో. సింగరేణి బొగ్గు పక్కనే ఉంది, గోదావరి పక్కనే ఉంది, కాగితం మీద అంతకంటే మంచి చోటు దొరకదు. అయినా 1999లో మూతపడింది. మళ్ళీ అదే చోట 2021లో ఉత్పత్తి మొదలైన కొత్త ఫ్యాక్టరీ బొగ్గు ముట్టుకోదు, కాకినాడ దగ్గర మల్లవరం నుంచి వచ్చే పైపులైను గ్యాసుతో నడుస్తుంది. బొగ్గు గనుల మధ్య కూర్చుని కోస్తా నుంచి గ్యాసు తెప్పించుకుంటోందన్నమాట. ఢిల్లీ రైల్లో రామగుండం దాటినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

మన బొగ్గుతో ఉన్న తంటా బూడిద, మూడో వంతు పైనే బూడిద ఉండే బొగ్గు ఎక్కువ. ఆ బొగ్గుకి సరిపోయే పద్ధతి హైదరాబాదులోనే బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రంలో తయారు చేశారు, 2022 జనవరిలో ప్రారంభమైంది, రోజుకి పావు టన్ను మిథనాల్, అంటే ఇంధనంగా కాల్చుకునే ఒక రకం ఆల్కహాల్, తీసే చిన్న ప్లాంటు, సొంత డిజైను. ఇంజనీరింగ్ పరంగా నాకు గర్వంగానే ఉంటుంది, బయటి దేశాల యంత్రాలు చాలావరకు మన బూడిద బొగ్గుని తేలిగ్గా మింగలేవు. 2030కి ఏడాదికి పది కోట్ల టన్నుల బొగ్గుని గ్యాసుగా మార్చాలని కేంద్రం టార్గెట్, 2024 జనవరిలో 8,500 కోట్ల ప్రోత్సాహకం కూడా ప్రకటించారు. దిగుమతి బిల్లు తగ్గుతుంది, నిజం, మనం వాడే ముడి చమురులో నూటికి 85 పైనే బయటి నుంచి కొంటున్నాం, ఎక్కడ యుద్ధమొచ్చినా మన బంకు రేటు గుండె దడ. దేశ భద్రత కోసం చేస్తున్నాం అని చెప్పి చేస్తే నాకు అభ్యంతరం తక్కువ. కానీ దాన్ని 'శిలాజ ఇంధనాలకి ప్రత్యామ్నాయం' అని బోర్డు పెట్టడం మాత్రం నవ్వొస్తుంది, బొగ్గు శిలాజం కాకపోతే ఏంటి? సెకుండా కళ్ళ ముందే ఉంది.

మరి అసలైన గాలీ నీళ్ళ ఇంధనానికి ఎక్కడా పని లేదా అంటే ఉంది, ఆకాశంలో. మన వాళ్ళలో పిల్ల అమెరికాలో లేని ఇల్లు ఎన్ని ఉన్నాయి చెప్పండి. అంత దూరం వెళ్ళే పెద్ద బోయింగ్ 777 ట్యాంకులు నిండా నింపితే దాదాపు 145 టన్నుల ఇంధనం. కిలో విమాన ఇంధనంలో 12 యూనిట్ల శక్తి, కిలో బ్యాటరీలో పావు యూనిట్ అటూ ఇటూ. కరెంటు మోటారు జెట్ ఇంజను కంటే రెండు రెట్లు పొదుపని ఒప్పుకున్నా ఆ విమానానికి మూడు వేల టన్నుల పైనే బ్యాటరీ కావాలి, విమానం మొత్తం బరువుతో లేవగలిగేదే 351 టన్నులు. పైగా ఇంధనం కాలేకొద్దీ విమానం తేలికవుతుంది, బ్యాటరీ దిగేదాకా అదే బరువు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. స్కూటర్ దగ్గర పది రెట్లు దండగ అనిపించింది, ఇక్కడ వేరే దారే లేదు. సముద్రాలు దాటే ఓడలకీ ఇంతే, 2023లో మేర్స్క్ అనే ఓడల కంపెనీ వాళ్ళు మిథనాల్‌తో నడిచే కంటైనర్ ఓడ దించారు, డెన్మార్క్‌లో కాసో అనే చోట గ్రీన్ కరెంటుతో మిథనాల్ తీసే ప్లాంటు 2025లో మొదలైంది, ఏడాదికి 42,000 టన్నులు.

అందుకే ఐరోపా వాళ్ళు విమాన ఇంధనంలో 2030 నుంచి కొంచెమైనా, అంటే ఒకటిన్నర శాతం లోపే, ఇలా కరెంటుతో చేసిన ఇంధనం ఉండాలని, 2050కి 35 శాతం చేయాలని చట్టం పెట్టారు. మన దేశం అంతర్జాతీయ విమానాలకి 2027లో 1 శాతం, 2030కి 5 శాతం హరిత ఇంధనం అంటోంది, అది ఎక్కువగా వాడేసిన వంటనూనె, చెరకు లాంటి వాటి నుంచే వస్తుంది. కానీ మిర్చి బజ్జీల నూనె దేశం మొత్తం పోగేసినా ఎన్ని విమానాలు లేస్తాయి, ఏదో ఒక రోజు గాలీ నీళ్ళ దగ్గరికి రావాల్సిందే. రేటు అంటారా, ఐరోపా విమాన భద్రతా సంస్థ 2024 అంచనాల్లో మామూలు విమాన ఇంధనం మీద ఇది పది రెట్లు.

ఆంధ్రాలో కదలిక ఉంది. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ (గ్రీన్ కరెంటుతో నీళ్ళ నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కి 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ టార్గెట్, దాన్నుంచి మిథనాల్, యూరియా, విమాన ఇంధనం అంటున్నారు. కాకినాడలో మూతపడిన యూరియా ఫ్యాక్టరీని కొని అక్కడ అదే హరిత హైడ్రోజన్‌తో అమ్మోనియా తీసే పని ఇంకో కంపెనీది. కర్నూలు వైపు పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కూడా ఈ కథలో భాగమే, ఎందుకంటే సూర్యుడు పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం ఐదుకి వెళ్ళిపోతే హైడ్రోజన్ తీసే అంత ఖరీదు యంత్రాలు రాత్రంతా ఖాళీగా కూర్చోకూడదు కదా, పగలు నీళ్ళు పైకెక్కించి రాత్రి దించుకుంటారు. నా మట్టుకు అడిగితే, తీసిన మొదటి టన్ను హైడ్రోజన్ ఎరువుకి పోవాలి, ఎరువులో హైడ్రోజన్‌కి బదులు ఇంకోటి లేదు, తర్వాత విమానం, ఓడ. కారు ఆ క్యూలో ఆఖరున నిలబడాలి, అప్పటికి కౌంటర్ మూసేసినా ఫర్వాలేదు.

ఇదంతా కుదించి బాబాయ్‌కి చెప్పాను. డీజిల్ బండి ఇప్పుడే అమ్మొద్దు, నెలకి రెండుసార్లు గుంటూరు పోయిరావడానికి కొత్త బండి అప్పు ఎందుకు, పిన్నికి బజారు పనులకి కరెంటు స్కూటర్ కొనిపెట్టు, గాలి పెట్రోలు కోసం మాత్రం ఎదురుచూడకు, అది మన బంకుకి రాదు, వస్తే విమానంలోకి వస్తుంది అన్నాను. ఆయన అన్నీ విని, "విమానానికి పది రెట్లు రేటన్నావు, మరి టికెట్ పెరుగుద్దా?" అన్నాడు. కొద్దికొద్దిగా కలుపుతారు కాబట్టి ఒక్కసారే పెరగదు గానీ పెరుగుద్ది బాబాయ్ అన్నాను. డల్లాస్‌లో ఉన్న చెల్లి మూడేళ్ళుగా రమ్మని పిలుస్తోంది, ఈయన మోకాళ్ళ నొప్పులు అని వాయిదా వేస్తున్నాడు.

"ఒసేయ్," అని లోపలికి కేకేయడం వినపడింది, "ఆ పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టావే?"